బిల్లు ఆంధ్రాది, ఇల్లు ఒడిశాది

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి చూస్తే ఎక్కువ భాగం ఒకే గోల: కొన్నాం, మోసపోయాం, ఎవర్ని పట్టుకోవాలో తెలీడం లేదు. మన వైపు దానికి ఇంకో చిక్కు కూడా ఉంది. పర్లాకిమిడి వాళ్లు సామాన్లకి పాతపట్నం, టెక్కలి వెళ్తారు, బరంపురం వాళ్లు ఇచ్ఛాపురంలో దిగుతారు, రాయగడ వాళ్లకి పార్వతీపురం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన సరిహద్దు గీత సంచీ పట్టుకుని బజారుకెళ్లేవాళ్లకి ఎప్పుడూ అడ్డం రాలేదు గానీ, సరుకు పాడైన రోజున మాత్రం దుకాణదారుకి ఠక్కున గుర్తొస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఉగాదికి పాతపట్నంలో 26,500 పెట్టి ఫ్రిజ్ కొన్నాం. రెండు నెలలు తిరక్కుండానే కూలింగ్ పోయింది. దుకాణం అతను కంపెనీకి ఫోన్ చేసుకోమన్నాడు. కంపెనీ వాళ్లు మెకానిక్ వస్తాడని నాలుగుసార్లు మెసేజ్ పెట్టారు, ఎవరూ రాలేదు. ఆంధ్రా వైపు సర్వీస్ సెంటర్ ‘మీది ఒడిశా పిన్‌కోడ్, మా సిస్టమ్ తీసుకోదు’ అంది. ఒడిశా వైపు సెంటర్ ‘మీ బిల్లు ఆంధ్రాది కదా’ అంది. ఇప్పుడు అందులో ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాం. బిల్లు కింద చూస్తే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఎర్ర అక్షరాలతో ఉంది. కేసు వేద్దామంటే శ్రీకాకుళం చుట్టూ తిరిగే ఓపిక లేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: శ్రీకాకుళం వెళ్లక్కర్లేదమ్మా. 1986 నాటి పాత చట్టంలో అమ్మినవాడు ఎక్కడుంటే అక్కడికో, లావాదేవీ ఎక్కడ జరిగితే అక్కడికో మనమే వెళ్లాల్సి వచ్చేది. 2019లో తెచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. దాని 34వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు ఎక్కడ కాపురం ఉంటున్నారో, ఎక్కడ పని చేసుకుంటున్నారో అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. అంటే మీరు మీ ఊళ్లోనే, గజపతి జిల్లా కమిషన్‌లో వేస్తారు, దుకాణం అతను మహేంద్రతనయ నది దాటి మీ దగ్గరికి వస్తాడు. నన్నడిగితే సరిహద్దు ఊళ్ల వాళ్లకి ఈ చట్టం చేసిన పెద్ద మేలు ఇదే, దీని గురించి మనకి సరిగా చెప్పినవాళ్లే లేరు.

అయితే ముందు కేసు కాదు. 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఒడియాలో కూడా. వాళ్లు ఫిర్యాదుని కంపెనీకి పంపుతారు, చాలా కంపెనీలు అక్కడికే దిగొస్తాయి. దిగిరాకపోతే దుకాణానికీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో ఒక కాగితం పంపండి. పెద్ద భాష ఏం వద్దు. ‘ఫలానా తేదీన, ఫలానా బిల్లు నంబరుతో, ఇంత సొమ్ముకి మీ దగ్గర ఫ్రిజ్ కొన్నాను, ఫలానా రోజు నుంచి పనిచెయ్యడం లేదు, ఈ తేదీల్లో కంప్లైంట్ ఇచ్చాను, ఎవరూ రాలేదు, పదిహేను రోజుల్లో బాగు చేసివ్వకపోయినా, మార్చకపోయినా, డబ్బు వెనక్కివ్వకపోయినా కమిషన్‌కి వెళ్తాను.’ అంతే. ఆ నాలుగు ‘మెకానిక్ వస్తాడు’ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి, ప్రింట్లు తీయించండి. మీ కేసుకి సగం బలం అవే.

ఫిర్యాదులో దుకాణాన్నీ కంపెనీనీ ఇద్దర్నీ పెట్టండి, లేకపోతే వీడు వాడి మీదా వాడు వీడి మీదా తోసుకుంటూ కాలం గడిపేస్తారు. మీరిచ్చిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటి నుంచే వెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన దగ్గర్నుంచి రెండేళ్ల లోపు వెయ్యాలి. ఇకపోతే మీ బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఎర్ర అక్షరాలతో ఉందని రాశారు, దాన్ని చూసి భయపడకండి. లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనంటే అదే అనుచిత వ్యాపారం అని 2019 చట్టం చెప్తోంది. మీ ఫ్రిజ్‌కి ఆ రోజులు దాటిపోయినా వారంటీ ఉంది, అది చాలు.

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపురం దగ్గర పల్లె. పత్తి విత్తనాలు గీత అవతల ఒక దుకాణంలో తెచ్చాం, మా ఊరి వాళ్లం పదకొండు మందిమి. సగం మొలవలేదు, మొలిచినవి కూడా ఒకటి రెండు కావు, నాలుగు రకాలుగా ఉన్నాయి. దుకాణం అతను వాన సరిగా పడలేదు, విత్తనం తప్పు కాదు అంటున్నాడు. బిల్లు అడిగితే ‘మీకు తెలిసినోడినే కదా’ అన్నాడు. ప్యాకెట్లు చాలావరకు పారేశాం. ఏమైనా ఆశ ఉందా?
— ఒక రైతు, రాయగడ జిల్లా

జవాబు: ఉంది బాబూ, కానీ ఇవాళే కదలాలి. ముందు ఊళ్లో గట్ల మీద, పెంటకుప్పల దగ్గర వెతికించు. ఒక్క ఖాళీ ప్యాకెట్ దొరికినా చాలు, దాని మీద లాట్ నంబరు, కంపెనీ పేరు, ఎప్పటి వరకు చెల్లుతుందో ఆ తేదీ ఉంటాయి. తర్వాత మీ బ్లాక్ వ్యవసాయాధికారికి పదకొండు మందీ సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి, పొలం చూసి రిపోర్టు రాయమని. చేను దున్నేసి వేరే పంట వేశాక ఎవరొచ్చినా చూడ్డానికేం ఉండదు.

కంపెనీ వాళ్లు కమిషన్ ముందు ఎప్పుడూ ఒకే పాట పాడతారు: విత్తనాన్ని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించలేదు కాబట్టి కేసు చెల్లదు అని. ఈ వాదనకి సుప్రీంకోర్టు 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో గట్టి సమాధానం చెప్పింది. ఆ రైతులు ఆంధ్రప్రదేశ్ వాళ్లే. ఎప్పుడో పరీక్షకి పనికొస్తుందని రైతు విత్తనం దాచుకుంటాడా, ఉన్నదంతా చేలో చల్లుకుంటాడు గానీ, అన్న మాట కోర్టు ఒప్పుకుంది. విత్తనాల చట్టం వేరే ఉంది కాబట్టి రైతు వినియోగదారుల కమిషన్‌కి రాకూడదన్న వాదననీ తోసిపుచ్చింది. మీరు వెళ్లబోయే లాయరుకి ఈ కేసు పేరు చెప్పు, ఆయనకి తెలిసే ఉండొచ్చు, తెలీకపోతే తెలుసుకుంటాడు.

బిల్లు ఇవ్వకపోవడం గురించి. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలరు కొన్నవాడికి చీటీ రాసివ్వాల్సిందే, తెలిసినవాడా కాదా అన్నది అందులో లేదు. 2019 చట్టంలో కూడా బిల్లు ఇవ్వకపోవడమే ఒక అనుచిత వ్యాపారం. ఫోన్‌పేలో ఎవరైనా డబ్బు పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. పదకొండు మంది విడివిడిగా తిరగొద్దు, ఒకే నష్టం ఉన్నవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వెయ్యొచ్చు.

ఒకటి మాత్రం నిజం చెప్పు. ఆ ప్యాకెట్లు ‘కలుపు మందు కొట్టినా చావని పత్తి’ అని చెవిలో చెప్పి అమ్మినవి కావు కదా? ఆ రకం పత్తికి మన దేశంలో అనుమతి లేదు, అలాంటి ప్యాకెట్ మీద ఉండే పేరు, అడ్రసు రెండూ ఉత్తవే అవుతాయి. అదే అయితే డబ్బు రాబట్టడం చాలా కష్టం, అర్జీ మాత్రం ఇవ్వండి, వచ్చే ఏడాది ఇంకో ఊరు మునక్కుండా.

ప్రశ్న: జయపురంలో టైలరింగ్ చేసుకుంటాను. అప్పు చేసి కొన్న మోటారు మిషన్ నెలకే పాడైంది. వ్యాపారానికి కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారువి కావు అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: కాదమ్మా. బతుకుతెరువు కోసం, సొంతంగా పని చేసుకోడానికి కొన్నది వ్యాపారం కింద లెక్క కాదని చట్టంలోనే రాసుంది. మిషన్ మీద కూర్చుని కుట్టేది నువ్వే కదా. ఆ మాటే ఫిర్యాదులో మొదటి పేరాలో రాయి.

ప్రశ్న: బరంపురంలో మా అమ్మాయి పెళ్లికి 20 గ్రాముల గొలుసు చేయించాం. జీఎస్టీ లేకుండా ఇస్తానంటే తెల్లకాగితం మీద రాయించుకున్నాం. ఇప్పుడు తాకట్టుకి తీసుకెళ్తే 18 క్యారెట్లే అన్నారు, మేం 22కి డబ్బు కట్టాం. గొలుసు మీద ముద్రలేవీ లేవు.

జవాబు: జీఎస్టీ 3 శాతం మిగిలిందనుకున్నారు, లెక్క చూడండి. 22 క్యారెట్లంటే 916, 18 అంటే 750. 20 గ్రాముల్లో మూడు గ్రాముల పైన స్వచ్ఛమైన బంగారం తక్కువొచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులు ఉంటాయి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం, 22కే916 లాంటి స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే సొంతమైన నంబరు. ఆ ఆరింటినీ ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ పుట్టుపూర్వోత్తరాలు వచ్చేస్తాయి. హాల్‌మార్క్ ఉండి కూడా స్వచ్ఛత తగ్గితే, తగ్గిన విలువకి రెండింతలూ, పరీక్ష ఖర్చులూ ఇచ్చుకోవాలని బీఐఎస్ నియమం. ముద్రే లేదు కాబట్టి మీకు ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది మామూలు ఫిర్యాదు. ఆ తెల్లకాగితం పారెయ్యకండి, షాపతని చేతిరాత, బరువు, తేదీ ఉన్నాయి కదా. బ్యాంకు నుంచి డబ్బు తీసిన రోజుతో అది కలిస్తే కొంత బలం. అతను కూడా పన్ను ఎగ్గొట్టినవాడే కాబట్టి కమిషన్ గుమ్మం తొక్కడానికి మీకంటే ఎక్కువ భయపడతాడని నా అనుమానం.

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు 2022లో బరంపురంలో కేసు వేశారు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ విషయంలో. వాయిదాల తేదీలు రాసుకునే డైరీ నిండిపోయింది. చట్టాలు బోలెడున్నాయి, హెల్ప్‌లైన్లు ఉన్నాయి, యాప్‌లు ఉన్నాయి, మోసాలు మాత్రం తగ్గలేదు. కొత్త చట్టం కావాలా? అసలు ఏం మారితే ఇది పనిచేస్తుందని మీరనుకుంటున్నారు?
— ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: ముందు నాన్నగారి కేసు. ఫైలు తెరిచి రెండు తేదీలు చూడు: ఇన్సూరెన్స్ కంపెనీకి నోటీసు అందిన రోజు, వాళ్లు జవాబు దాఖలు చేసిన రోజు. వాళ్లకి 30 రోజుల గడువు, కమిషన్ దయతలిస్తే ఇంకో 15. ఆ 45 దాటాక ఇవ్వడానికి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. దాటి ఉంటే ఆ మాట రాతపూర్వకంగా ఎత్తమని లాయరుకి చెప్పు. వాయిదా అడిగిన ప్రతిసారీ కారణం రికార్డు చెయ్యాలని, ఖర్చులు వేయొచ్చని కూడా చట్టంలో ఉంది. ఖర్చులు అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ఎందుకో నాకు అర్థం కాదు.

చట్టం ప్రకారం అవతలివాడికి నోటీసు అందిన మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో, తేల్చడానికి ప్రయత్నించాలి. కుర్చీలో మనిషి లేకపోతే ఎవరు తేలుస్తారు? జిల్లా కమిషన్‌కి ఒక అధ్యక్షుడు, కనీసం ఇద్దరు సభ్యులు ఉండాలి. దేశమంతా ఈ ఖాళీలు చూసి 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, ఇలాంటి ట్రిబ్యునళ్లు వద్దనుకుంటే ఆ చట్టాన్నే ఎత్తేయండి అని విసుక్కునేదాకా వచ్చింది. కాబట్టి కొత్త చట్టం వద్దు. ఉన్నదాంట్లో పోస్టు ఖాళీ అవ్వకముందే తర్వాతి మనిషిని వెయ్యాలి, రిటైరయ్యే తేదీ అందరికీ ముందే తెలుసు కదా.

కానీ నా అసలు కంప్లైంట్ వేరే ఉంది, అది నా ఉల్లిపాయల కథ చెప్తే గానీ అర్థం కాదు. రెండేళ్ల కింద బజార్లో రెండు కిలోల ఉల్లిపాయలు కొన్నాను. ఇంట్లో మా కోడలు కేకులకి వాడే చిన్న కాటా ఉంటే సరదాకి దాని మీద పెట్టాను. కిలో 780 గ్రాములు. కేకుల కాటాది తప్పేమోనని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూశాను, దాన్ని సరిగ్గానే చూపించింది. సంచీ పట్టుకుని వెనక్కి వెళ్తే దుకాణం అతను ఏమాత్రం తడబడకుండా నాలుగు ఉల్లిపాయలు తీసి సంచీలో వేసి, ‘గొడవెందుకు మాస్టారూ, పట్టుకెళ్లండి’ అన్నాడు. నేను గెలిచాననుకుని ఇంటికొచ్చేశాను. వారం తర్వాత అటు వెళ్తే అదే కాటా, అదే మనిషి, ముందు అరడజను మంది నిలబడి ఉన్నారు. సిగ్గేసింది.

అప్పుడు తూనికలు కొలతల ఆఫీసుకి కాగితం రాశాను. ఎలక్ట్రానిక్ కాటాని ఏడాదికోసారి పరీక్ష చేయించి ముద్ర వేయించాలి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనబడేలా తగిలించాలి. ఇన్‌స్పెక్టరు రావడానికి ఆరు వారాలు పట్టింది. సర్టిఫికెట్ దేవుడి క్యాలెండర్ వెనకాల ఉంది, గడువు ఎప్పుడో అయిపోయింది. జరిమానా వేశారు, కాటా మార్చాడు. ఆ దుకాణంలో ఆ రోజు తర్వాత కొన్న ప్రతివాడికీ ఆ కాగితం పనికొచ్చింది, నా నాలుగు ఉల్లిపాయలు మాత్రం నా ఒక్కడికే.

మన వినియోగదారుల వ్యవస్థ మొత్తం ఇప్పుడు నాలుగు ఉల్లిపాయల మీద నడుస్తోంది. వంద మందికి తక్కువ తూచినవాడి దగ్గరికి ఒక్కడు తిరిగొస్తాడనుకుందాం, ఆ ఒక్కడికీ ఇచ్చి పంపేస్తే మిగతా తొంభైతొమ్మిది లాభమే. వ్యాపారికి ఈ లెక్క నోటికొచ్చు. హెల్ప్‌లైన్ రాజీ కుదిర్చి ఫిర్యాదు మూసేస్తుంది, కమిషన్ ఫ్రిజ్ డబ్బు ఇప్పించి ఫైలు మూసేస్తుంది. ఆ పిన్‌కోడ్ వాళ్లకి రిపేరు చెయ్యం అనే సిస్టమ్ అలాగే ఉంటుంది, పర్లాకిమిడి అమ్మ ఉత్తరంలో ఉన్నది అదే కదా.

దీనికి మందు కూడా చట్టంలోనే ఉంది, వాడుతున్నవాళ్లే కనబడరు. ఒకటి, కలెక్టరు. 2019 చట్టం 16, 17 సెక్షన్ల కింద చాలామంది వినియోగదారుల హక్కులకి దెబ్బతగిలే విషయాల మీద కలెక్టరుకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఆయన విచారణ చేసి 2020 జులైలో పెట్టిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి రిపోర్టు పంపాలి. ఆ సంస్థ సరుకుని బజారు నుంచి వెనక్కి రప్పించగలదు, మోసపు ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యగలదు. మన వాళ్లు కలెక్టరు గ్రీవెన్స్‌కి రేషన్ కార్డుకీ రోడ్డుకీ వెళ్తారు, దీనికి వెళ్లినవాడిని నేనింతవరకు చూడలేదు. రెండు, ఒకే మోసం పేర్లు తెలియని చాలామందికి జరిగిందని తేలితే, వాళ్లందరికీ అమ్మినదాని విలువలో 25 శాతానికి తగ్గకుండా కట్టమని కమిషన్ ఆదేశించొచ్చు. పాత చట్టంలో అది 5 శాతమే. నాకు తెలిసి మన వైపు ఫిర్యాదుల్లో ఈ కోరిక ఉండదు, లాయర్లు ‘డబ్బు, వడ్డీ, మనోవేదన, ఖర్చులు’ అని అచ్చేసిన నాలుగు ముక్కలే రాస్తారు. అడగనిది ఎవరిస్తారు?

నాకే అధికారం ఉంటే ఒక్క పని చేయిస్తాను. హెల్ప్‌లైన్‌కి వచ్చిన ప్రతి తూకం ఫిర్యాదు, రాజీ అయినా సరే, కాపీ ఆ ఊరి ఇన్‌స్పెక్టరుకి దానంతటదే వెళ్లాలి, విత్తనం ఫిర్యాదు రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలకీ వెళ్లాలి. ఫిర్యాదు తనిఖీగా మారాలి. గజపతి కలెక్టరూ శ్రీకాకుళం కలెక్టరూ గీత దాటొచ్చే ఏనుగుల గురించి మాట్లాడుకుంటే బాగుంటుందని అందరం అంటాం, నకిలీ విత్తనం ఏనుగు కంటే సులువుగా గీత దాటుతుంది మరి.

ఇంకొకటి, గెలిచాక. ఓడినవాడు అప్పీలుకి కటక్‌లో రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలంటే 45 రోజుల్లో, తేలిన సొమ్ములో సగం ముందు కట్టాలి. ఆదేశం పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అది 72వ సెక్షన్, నాన్నగారి డైరీ మొదటి పేజీలో రాసిపెట్టు.

ప్రశ్న: మా ఊరి బస్టాండులో 20 రూపాయల నీళ్ల బాటిల్‌కి 25 తీసుకుంటారు. ‘కూలింగ్ చార్జీ’ అంటాడు. ఐదు రూపాయలకి కేసేంటని మా ఆయన నవ్వుతున్నారు.
— రాయగడ

జవాబు: ఎంఆర్‌పీ దాటి ఒక్క పైసా తీసుకోకూడదు తల్లీ, ఫ్రిజ్‌లో పెట్టినా, ఐసులో పెట్టినా. కేసు వద్దులే. బాటిల్ మీది ధర కనబడేలా ఒక ఫోటో తీసి, ఈసారి 25 ఫోన్‌పేలో కట్టి, ఆ రెండూ కలిపి తూనికల శాఖకి పంపు. ఆ ఐదు రూపాయలు అతను వెనక్కిచ్చేస్తే మాత్రం తీసుకుని ఇంటికెళ్లిపోకు.